కనుమ పైన ఉయ్యాల



మీ ఇంట్లో పసిబిడ్డ అర్ధరాత్రి ఏడుపు అందుకుని ఎంతకీ ఆపకపోతే, మీరు మొదట ఎవరిని పిలుస్తారు? బొబ్బిలిలోనో విజయనగరంలోనో కాపురం ఉన్నవారికి ఈ ప్రశ్న ప్రశ్నే కాదు. పక్క గదిలో అత్తగారు ఉంటుంది, వీధి చివర పిన్ని ఉంటుంది. కుందుర, జయపురం, కోరాపుట్, రాయగడ, గుణుపురం వంటి చోట్ల కాపురాలు పెట్టిన మన తెలుగు ఇళ్లకు మాత్రం జవాబు అంత సులువుగా దొరికేది కాదు. పెద్ద దిక్కు కనుమ కింద ఉండిపోయేది. బిడ్డ కనుమ పైన ఏడ్చేది. ఈ కొండ ప్రాంతంలో తల్లిదండ్రులు బిడ్డల విషయంలో ఎవరి సలహా విన్నారు, ఏ సలహా బిడ్డను నిలబెట్టింది, ఏ సలహా ముంచింది అన్నదే ఈనాటి మన ప్రసంగం. జమీందారుల చరిత్రలో ఇది కనిపించదు. కానీ మీ ఇంట్లో మామ్మగారిని కదిపితే సగం ఆవిడే చెబుతుంది.

ముందుగా మనం ఇక్కడికి ఎలా వచ్చామో రెండు మాటల్లో చెప్పుకుందాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ నేల మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1870లో ఏజెన్సీ అధికారి కచేరీ కోరాపుట్‌కు వచ్చింది. దాని వెనుక గుమస్తాలు, పోలీసులు, ఉప్పు, బట్టల వర్తకులు సాలూరు మీదుగా బళ్ల మీద ఎక్కివచ్చారు. రాయగడ వైపు రైలు తరువాత వచ్చింది. పార్వతీపురం నుంచి రాయపూర్ వెళ్లే దారి 1931 నాటికి పూర్తయింది. స్వాతంత్ర్యం తరువాత ఆంధ్ర, ఒరిస్సాలు కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. 1960లలో రాయగడ దగ్గర కాగితం మిల్లు, సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం, 1980లలో దామంజోడిలో అల్యూమినా కర్మాగారం వచ్చాయి. ప్రతి చోటా ఒక కాలనీ లేచింది. ప్రతి కాలనీలోనూ కొత్తగా పెళ్లయిన తెలుగు జంటలు చేరాయి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. ఇవన్నీ మీకు తెలిసినవే.

అంతగా చెప్పుకోనిది ఒకటి ఉంది. వచ్చిన మొదటి తరాల మగవాళ్లు చాలామంది భార్యాబిడ్డలను వెంట తెచ్చుకోలేదు. కారణం మన్యెం జ్వరం.

ఈ భయం ఉత్తుత్తి భయం కాదు. 1914లో పెర్రీ అనే వైద్యుడు జయపురం కొండ ప్రాంతపు మలేరియా మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. ఆ కాలంలో ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి వైద్యులు చేసే పని, ఆ ఊరి పిల్లల కడుపు తడిమి చూడడం. మలేరియా మళ్లీ మళ్లీ వచ్చిన బిడ్డకు ప్లీహం ఉబ్బి ఎడమ పక్కటెముకల కింద గట్టిగా చేతికి తగులుతుంది. మన ఇళ్లలో దాన్నే 'కడుపులో బల్ల పెరిగింది' అంటారు. నూరుమంది పిల్లల్లో ఎందరికి బల్ల ఉంటే ఆ ఊళ్లో అంత జ్వరం అని లెక్క. అంటే ఈ జిల్లా ఆరోగ్యం లెక్క మొదట రాసింది పసిపిల్లల పొట్టల మీదే.

తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. కొండ మీద కాపురం ఉన్నవారికి ఆ ఆచారం ప్రాణరక్షణగా కూడా పనికివచ్చింది. మలేరియా గర్భిణిని, చంటిబిడ్డను పట్టినంత గట్టిగా మరెవరినీ పట్టదు. బిడ్డ కింద పుట్టి, కొన్ని నెలలు కిందనే ఉండి, మెడ నిలిచాక పైకి వచ్చేది. వచ్చేటప్పుడు అమ్మమ్మ మూట కట్టి ఇచ్చేవి చూడండి: ఆముదం సీసా, సాంబ్రాణి, వస కొమ్ము, వాము, నలుగుపిండి. వాటితోబాటు నోటి మాటగా ఒక పెద్ద చిట్టా. బిడ్డను కాళ్ల మీద ఎలా వేసుకోవాలి, మాడుకు ఆముదం ఎంత అద్దాలి, దిష్టి ఎలా తీయాలి. ఆ చిట్టాలో మలేరియాకు మందు లేదు. కింద ఆ అవసరం అంతగా రాలేదు మరి.

లేని చోట వాతలు వచ్చి చేరాయి. బల్ల పెరిగితే, బిడ్డ పాలు తాగకపోతే, కడుపు ఉబ్బితే, కాల్చిన ఇనుమును పొట్ట మీద ఆనించడం కొండ మీదా ఉండేది, కొండ కిందా ఉండేది. కాబట్టి ఇది కొండవారి మూఢత్వం అని మనం చేతులు దులుపుకోవడానికి లేదు. నొప్పికి బిడ్డ కాసేపు గుక్కపట్టి ఏడ్చి, అలసి నిద్రపోతుంది. చూసేవారికి తగ్గినట్టు అనిపిస్తుంది. జ్వరం అలాగే ఉంటుంది. దానికి తోడు పుండు. 2025 మార్చిలో మన పొరుగున నవరంగపూర్ జిల్లాలో నెల పిల్లవాడికి తల మీద, పొట్ట మీద దాదాపు 40 చోట్ల వాతలు పెట్టి, ఆ తరువాత ఆసుపత్రికి తెచ్చారని పత్రికల్లో వచ్చింది. బిడ్డ మీద ప్రేమ లేక ఆ పని చేయలేదు ఎవరూ. ఆ రాత్రి వాళ్లకు అందుబాటులో ఉన్న సలహా అదొక్కటే. అందుకే సలహాల చరిత్ర అంటే నాకు ఊసుపోక చెప్పుకునే కబుర్లుగా అనిపించదు.

కనుమ కింద ఈ సలహాలు అచ్చులోకి కూడా ఎక్కుతున్నాయి. 1883లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు స్త్రీల కోసం 'సతీహితబోధిని' పెట్టారు. 1902లో 'హిందూసుందరి' వచ్చింది, 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కేసరిగారి 'గృహలక్ష్మి' వచ్చింది. వీటిలో ఆడవాళ్లు ఆడవాళ్ల కోసమే రాసుకున్నారు. ఆ తరంలో భండారు అచ్చమాంబగారిని తలచుకోవాలి. తెలుగులో స్త్రీల చరిత్ర రాసిన ఆవిడ తన ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకుంది. తరువాత అనాథ పిల్లలను తెచ్చి పెంచింది. 30 ఏళ్లకే 1905లో కన్నుమూసింది. చదువుకున్న ఇంట్లోనే అలా ఉంటే, చదువు లేని ఇళ్ల సంగతి ఊహించుకోండి. ఆ పత్రికలు కనుమ ఎక్కి ఏ కొద్ది ఇళ్లకో వచ్చేవి. చదవడం రాని తల్లికి అవి అందేవి కావు.

రేడియోకు అక్షరాలతో పని లేదు. మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పిల్లల చేతనే పాడించి, ఆడించి, మాట్లాడించారు. 1945లో 'బాల' పత్రిక పెట్టారు. పిల్లవాడికి చెప్పడమే తప్ప వాడు చెప్పేది వినడం అలవాటు లేని పెద్దలకు అది కొత్త పాఠం. మన వైపు విశాఖపట్నం కేంద్రం 1963లోనూ, జయపురం కేంద్రం 1964లోనూ వచ్చాయి. సరిహద్దు ఇంట్లో రేడియో ముల్లు ఆ రెంటి మధ్యా తిరిగేది. ఒక చోట తెలుగు, ఒక చోట ఒడియా. బిడ్డ కోసం చెప్పిన మాట ఏ భాషలో వచ్చినా తల్లి చెవి పెట్టి వినేది.

ఇక అసలు విషయానికి వస్తాను. అది విరేచనాలు.

బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే నీళ్లు ఇవ్వకూడదు, పాలు ఆపాలి, కడుపును ఎండబెట్టాలి. ఈ మాట మీరు వినే ఉంటారు. తెలుగువారిలోనే కాదు, దేశమంతటా తల్లులు నమ్మిన మాట ఇది. పైకి సబబుగానే కనిపిస్తుంది. పోసిందల్లా బయటికి పోతోంది కదా, పోయడం ఎందుకు? కానీ విరేచనాలతో పోయే బిడ్డను చంపేది ఎక్కువసార్లు ఒంట్లో నీరు, ఉప్పు ఇంకిపోవడమే. ఆపిన ప్రతి గుక్కా బిడ్డను అటువైపే నెడుతుంది. ఎంతో ప్రేమగా, ఎంతో నిష్ఠగా చేసిన ఈ పథ్యం వల్ల ఎందరు పసివాళ్లు పోయారో ఏ దస్తావేజులోనూ లేదు. 'చూడగానే కళ్లు లోతుకు పోయాయమ్మా, పూట తిరగలేదు' అని మన ఇళ్లలో చెప్పుకున్న కథలు గుర్తు తెచ్చుకోండి.

దీనికి విరుగుడు వచ్చింది మరో సరిహద్దు నుంచి. 1971లో తూర్పు పాకిస్తాన్ యుద్ధ సమయంలో లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. బొన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా పొట్లాలు కట్టించి, మంచినీళ్లలో కలిపి, రోగుల దగ్గరున్న తల్లుల చేత, బంధువుల చేతనే తాగించాడు. అప్పటిదాకా నూటికి 30 మంది దాకా పోతున్నవారు, ఆయన శిబిరంలో నూటికి నలుగురి కన్న తక్కువకు తగ్గారు. అందులో ఉన్న కిటుకు ఇది. విరేచనాలు పట్టిన పేగు ఉత్త ఉప్పునీటిని సరిగా పీల్చుకోదు. కాస్త చక్కెర తోడుంటే ఉప్పును లోపలికి లాక్కుంటుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. ఈ కలపడం ఎలాగో కరపత్రాలు వేసి సరిహద్దు వెంట పంచారు. బంగ్లాదేశ్ రహస్య రేడియోలో కూడా చెప్పారు. అదీ మా రేడియోవాళ్లం కొంచెం గర్వంగా చెప్పుకునే సంగతి.

తరువాత 1980 నుంచి పదేళ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ పంపిన ఆడవాళ్లు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, తల్లి పక్కన కూర్చుని, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం కొలత నేర్పారు. నేర్పి ఊరుకోలేదు. తల్లి చేత కలిపించి చూశారు. నాకు ఈ పద్ధతి ఎందుకు నచ్చుతుందంటే, అది మన మామ్మలు నేర్పిన తీరే. కొలత చేతిలో ఉంటుంది, పాఠం పొయ్యి దగ్గర జరుగుతుంది. మారింది పాఠంలోని సంగతి మాత్రమే.

మీ ఇంటికి పనికివచ్చేట్టు చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. ఆశా కార్యకర్త దగ్గరో అంగన్వాడీలోనో ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే దాని మీద రాసినన్ని మంచినీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం దాచకూడదు. పొట్లం దొరకని పూట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు మాత్రం ఎక్కువ కానివ్వకండి. గుక్క గుక్కగా పట్టించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. వైద్యులు జింకు మాత్రలు కూడా 14 రోజులు వేయమంటున్నారు. బిడ్డ మగతగా ఉన్నా, ఏడ్చినా కన్నీరు రాకపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనబడినా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి బయలుదేరాలి.

మామ్మల మాటలన్నీ తప్పని అనుకునేరు. అన్నప్రాసన సంగతి చూడండి. ఆరో నెలలో బిడ్డ నోట మెతుకు పెట్టడం మన పాత పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అని చెప్పి, 2001లో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే అని ఖాయం చేసింది. మన పంచాంగం దగ్గరికే వచ్చి నిలిచింది. కానీ అదే ఇంట్లో పుట్టిన వెంటనే వచ్చే ముర్రుపాలను 'చెడ్డపాలు' అని పిండి పారబోసేవారు. తేనె నాకించేవారు, వస అరగదీసి పోసేవారు. బిడ్డకు మొదటి టీకా లాంటివి ఆ ముర్రుపాలు. గంటలోపు పట్టించాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం. వస కూడా వద్దనే వైద్యులు చెబుతున్నారు. ఒకే నోటి నుంచి వచ్చిన సలహాల్లో ఇది మంచి, ఇది చెడు అని ఏరుకోవలసి వస్తుంది. పెద్దవారిని నొప్పించకుండా ఏరుకోవడం కొత్త కోడలికి ఎంత కష్టమో మగవారికి తెలియాలి. ఆ పని కొడుకు చేసిపెట్టాలి. 'అమ్మా, డాక్టరు గారు వద్దన్నారు' అనే మాట కొడుకు నోట వస్తే సగం గొడవ ఉండదు.

పాలతో పాటు ఆరో నెల నుంచి ఏం పెట్టాలి అన్నచోట పొరుగింటి సలహా వస్తుంది. మన తెలుగు ఇళ్లలో చోడి అంబలి ఒకప్పుడు రోజూ ఉండేది. 1983 నుంచి ఆంధ్రలో 2 రూపాయలకు కిలో బియ్యం, 2008 నుంచి ఒడిశాలో 2 రూపాయలకు, 2013 నుంచి రూపాయికి కిలో బియ్యం వచ్చాయి. ఆకలి తీరిందనడంలో సందేహం లేదు. దాంతో తెల్లన్నం తినడం గౌరవం, చోళ్లు తినడం నామోషీ అన్న భావం మరింత బలపడింది. అంబలి గిన్నె గడప దాటి వెళ్లిపోయింది. అదే వీధిలో దేశియా మాట్లాడే ఇళ్లలో మాత్రం మాండియా పేజ్ పొయ్యి మీద నుంచి దిగలేదు. మాండియా అంటే మన చోళ్లే. నూరు గ్రాముల బియ్యంలో 10 మిల్లీగ్రాముల సున్నం ఉంటే, నూరు గ్రాముల చోళ్లలో 340కి పైగా ఉంటుంది. ఎముకలు గట్టిపడే వయసు బిడ్డకు ఏది కావాలో ఆ లెక్క చెబుతుంది. మనం నామోషీ పడి వదిలేసిన తిండిని పొరుగు తల్లి దాచి ఉంచింది.

కుందుర శ్రోతలకు ఇది చెప్పవలసిన పని లేదు. మీ కుందుర బ్లాకులోని నువాగుడ గ్రామానికి చెందిన రాయిమతి ఘియురియా గారు 30 రకాల చిరుధాన్యాలను, 72 రకాల దేశవాళీ వరి విత్తనాలను కాపాడి, 2023 సెప్టెంబరులో ఢిల్లీ జి-20 సమావేశాల సమయంలో తన విత్తనాలతో వెళ్లి చూపించి వచ్చారు. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల పథకంలో మొదటి ఏడు జిల్లాల్లో కోరాపుట్, రాయగడ రెండూ ఉన్నాయి. బిడ్డకు పెట్టే చోడి జావలో ఒక చిన్న మెళకువ ఉంది. గింజలను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలక రానిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరండి. మొలక వచ్చిన గింజలోని గుణం వల్ల జావ చిక్కబడదు. చిక్కటి జావ పసివాడు నాలుగు చెంచాలు తిని మూతి తిప్పుకుంటాడు. పలచని జావలో అంత నీరుండక్కర్లేదు, ఎక్కువ పిండి పడుతుంది, ఎక్కువ బలం లోపలికి పోతుంది. చెంచాడు నెయ్యో నూనెయో వేయడం మరచిపోకండి.

చివరగా మాట సంగతి. ఎక్కువ మాట్లాడే పిల్లను 'వస పోశారేమిటమ్మా నీకు' అంటాం. మరి సరిహద్దు బిడ్డకు ఏ భాషలో వస పోయాలి? ఇంట్లో తెలుగు, వీధిలో దేశియా, బడిలో ఒడియా. మూడు నేర్పితే మాటలు ఆలస్యమవుతాయని చాలామంది తల్లిదండ్రులు భయపడి, ఇంట్లో తెలుగు ఆపేశారు. ఆపమని చెప్పినవారిలో కొందరు పంతుళ్లు కూడా ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదని భాషా శాస్త్రజ్ఞులు ఇప్పుడు చెబుతున్నారు. మూడు భాషలు వినే బిడ్డ మూడింటినీ కలిపి మాట్లాడుతుంది, మెల్లగా విడదీసుకుంటుంది.

ఈ సంగతి మన గిడుగు రామమూర్తి పంతులుగారికి నూరేళ్ల కిందటే తెలుసు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. గుణుపురం వైపు శ్రోతలకు సవరలు పొరుగువారే. ఒడిశా ప్రభుత్వం పది ఆదివాసీ భాషల్లో చిన్న పిల్లలకు చదువు మొదలుపెట్టింది 2006లో. ఆ మధ్య గడిచిన కాలమంతా ఎందరు పిల్లలు తమకు అర్థం కాని మాటల ముందు కూర్చున్నారో!

మన పిల్లలు కొంత నయం. వాళ్లకు రెండు గడపలు ఉన్నాయి. పొద్దున్నే తల్లి గిన్నె ముందు పెడితే 'చోడి జావ' అంటారు. పక్కింటికి పరుగెత్తి అక్కడి అవ్వ దగ్గర అదే జావ మరో గిన్నెలో చూసి 'మాండియా' అని చెయ్యి చాపుతారు. ఆ అవ్వ కాదనదు.